అల్లుడు క్షౌరం చేయించుకున్న కార్తికం

స్తంభమును చీల్చుకొని వెలువడినవాడును, చెంచుల ఆడపడుచు మాటకు తల యొగ్గినవాడును అగు అహోబల నృసింహునకు అంజలి. అనుమానముతో చేతబట్టిన ఈ కలమును అసత్యము వైపు మరలనీయకుండుగాక.

విశ్వావసు నామ సంవత్సర మాఘ శుద్ధ దశమి, ఆళ్ళగడ్డ.

గత కార్తికంలో మా అమ్మాయి గర్భం నిలువలేదు. దానంతట అది జారిపోయినదా, తీయించుకొన్నదా అన్న ప్రశ్న దగ్గర రెండు కుటుంబాలు రెండు దిక్కులకు ముఖాలు త్రిప్పుకొన్నవి. ఆళ్ళగడ్డలో మా ఇల్లు. నంద్యాలలో వియ్యపురాలి ఇల్లు. నడుమ ఉన్నది ఒక్క బస్సు ప్రయాణమే అయినా, ఈ మూడు నెలలలో ఆ దారి నాకు ఎంత పొడుగు సాగినదో చెప్పలేను.

నేను ఉన్నత పాఠశాలలో తెలుగు పండితునిగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. మా పూర్వులు అహోబలంలో స్వామి ఆరాధనలో ఉన్నవారు. ఆ కారణం చేత మైల, శుద్ధి, ముహూర్తం, ఉపవాసం వంటి సందేహాలతో నా వద్దకు వచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. గ్రంథాలు చూచి నేను చెప్పిన మాటను వారు మరొకచోట అడిగి సరిచూచుకోరు. ఆ నమ్మకం ఇన్నాళ్ళూ నాకు గౌరవం తెచ్చినది. ఈ వ్యవహారంలో అదే నాకు మెడబరువైనది.

మా ఇళ్ళలో ఒక ఆచారమున్నది. భార్య కడుపుతో ఉన్నదని తెలిసిన నాటి నుండి ప్రసవమయ్యే దాకా భర్త క్షౌరం చేయించుకోడు. పట్టణాలలో ఉద్యోగాలు చేసే కుర్రవారు దీనిని విడిచిపెట్టి చాలా కాలమైనది. మా అల్లుడు విడువలేదు. నంద్యాలలో ఒక జూనియర్ కళాశాలలో గణితం చెప్పే ఉపన్యాసకుడతడు. మొదటి బిడ్డ కడుపులో ఉండగా గడ్డంతోనే పాఠాలు చెప్పినాడు. పిల్లలు ‘సాధువు సార్’ అని పేరు పెట్టినా లెక్కచేయలేదు. నెలనెలా స్వాతి నక్షత్రం నాడు అహోబలం పోయి, గోష్ఠిలో కూర్చుండి, నలుగురితో కలిసి ఆళ్వారుల ప్రబంధం పఠించి వచ్చే నిష్ఠ అతనిది. దసరా తరువాత అమ్మాయి మరల గర్భవతి అయినదని తెలిసినది. దీపావళి ముగిసిన వెంటనే వచ్చిన స్వాతికే అతని చెంపలు నల్లబడి ఉండినవి. గోష్ఠిలోని వృద్ధులు ఆ గడ్డం చూచి, ఎవరూ చెప్పకముందే, నాకు ఫోను చేసి సంతోషం తెలిపినారు. మాలో ఇటువంటి వార్తను నోటితో చెప్పనక్కరలేదు.

తరువాతి స్వాతి కార్తికం ముగియవస్తుండగా వచ్చినది. ఆ మధ్యాహ్నం నేను ఆళ్ళగడ్డ బస్టాండులో అతని కొరకు నిలుచుండినాను. నంద్యాల బస్సు దిగి అహోబలం బస్సు ఎక్కే నడుమ నాతో కొంతసేపు మాట్లాడి పోవడం అతని అలవాటు. మా ఇంటావిడ ఇచ్చిన పులిహోర డబ్బా నా చేతిలో ఉన్నది. శిరివెళ్ళ మీదుగా వచ్చిన బస్సు ఆగినది. దిగినవారిలో అతనిని నేను మొదట పోల్చుకోలేదు. తెల్లని పంచె, భుజాన ఉత్తరీయం, నుదుట నామం అన్నీ ఎప్పటివలెనే ఉన్నవి. ముఖం మాత్రం అప్పుడే తోమిన చెంబు వలె నున్నగా ఉన్నది.

“క్షౌరమైనట్లుందే అప్పా,” అన్నాను.

“అవును మామా.”

“ఎప్పుడు?”

“నిన్న.”

తరువాతి ప్రశ్న నేను అడుగలేదు. అమ్మాయి ఒళ్ళు ఎట్లున్నదని మాత్రం అడిగినాను. “బాగుండాది మామా. పనికి పోతాండాది,” అన్నాడు. డబ్బా అందుకొన్నాడే కాని నా కళ్ళలోకి చూడలేదు. అహోబలం బస్సు కదలడానికి ఇంకా సమయమున్నా అప్పుడే ఎక్కి, కిటికీ ప్రక్కన చోటుండగా లోపలి వరుసలో కూర్చున్నాడు.

ఇంటికి నడిచి వచ్చేలోపల నా మనస్సులో ఒక కథ తయారైపోయినది. గర్భం దానంతట అది పోయి ఉంటే కబురు వచ్చేది. ఏడుపు వచ్చేది. వియ్యపురాలు ఫోను చేసి గోడుగోడున విలపించేది. కబురు లేదు, ఏడుపు లేదు, అమ్మాయి పనికి పోతున్నదట. ఇదివరకే ఒక ఆడపిల్ల. ఆ పిల్ల బారసాల నాడు వియ్యపురాలు, వచ్చేసారి మనుమని పేరు తానే పెట్టుతానని, ఆ పేరు ఇప్పటికే ఎంచి ఉంచినానని అందరి ముందర అన్నది. చట్టం నిషేధించినా, ఎక్కడో చాటుగా చూచి ఆడో మగో చెప్పేవారున్నారని వినికిడి. చూపించినారు, మరల ఆడపిల్ల అన్నారు, మా బిడ్డను ఒత్తిడి చేసి తీయించినారు. బస్టాండు నుండి మా వీధి మలుపు వచ్చేసరికి నేను దీనిని ఊహగా కాక జరిగిన సంగతిగానే తలపోస్తున్నాను.

సాయంకాలానికి అహోబలం నుండి ఫోనులు మొదలైనవి. అల్లుని ముఖం గోష్ఠిలో అందరూ చూచినారు. ఎవరూ నేరుగా అడుగలేదు. అమ్మాయి కులాసాయా అని ఒకరు, ఏమైనా విశేషమా అని ఒకరు. అతడు చేసినది మా వంటి ఇంటివాడు మాత్రమే చేయగలిగిన పొరపాటు. ముందుగా ఇంట్లో ఒక మాట అనుకొని, జారిపోయినదని నలుగురికీ చెప్పి, ఆ తరువాత మంగలి వద్దకు పోయి ఉంటే ఎవరూ వేలెత్తి చూపేవారు కారు. లేని గర్భానికి గడ్డం పెంచి దేవుని ముందు కూర్చుంటే అది అబద్ధమవుతుందని అతడు భయపడినాడని నాకు తరువాత తెలిసినది. ఆ భయంలో మనుషులకు ఏమి చెప్పవలెనో ఆలోచించుకోలేదు.

మా ఇంటావిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ నేను చెప్పినదంతా వినినది. గుండె బాదుకొంటుందనుకొన్నాను. ఆమె చేట నుండి తల ఎత్తలేదు.

“దిగులు పడాకండి. దానికేం కాలేదు,” అన్నది.

ఏమీ కాలేదని ఆమెకు ఎవరు చెప్పినారని అడిగితే, తల్లికి తెలియదా అన్నది. ఆ మాట వినడానికి బాగున్నది కాని నాకు నమ్మబుద్ధి కాలేదు. అప్పుడు ఆమె ముఖం వైపు పరీక్షగా చూచినాను. కళ్ళజోడు కాడ విరిగి, దారంతో కట్టి ఉన్నది. ఆ కాడ మార్పించుకొని వస్తానని చెప్పియే అంతకుముందు వారం ఆమె పొద్దున్నే నంద్యాల బస్సెక్కి సాయంకాలానికి వచ్చినది. దారం మాత్రం పాత దారమే. ఇన్ని దినాలుగా ఎదుట ఉన్నా ఆ సంగతి నా కంటికి తోచలేదు. తోచిన తరువాత అడుగడానికి నోరు రాలేదు. వియ్యపురాలి మీద పెంచుకొన్న అనుమానం మా వంటింటిలోకి కూడా వచ్చి కూర్చున్నదని మాత్రం గ్రహించినాను.

మరునాడు నంద్యాల పోయినాను. అక్కడ వియ్యపురాలిని ఏమేమి అడుగవలెనో బస్సులోనే కూర్చుకొన్నాను. ఆమె భర్త పోయి చాలా ఏండ్లయినది. మడికట్టుకొని తన చేతితో వండుకొనే మనిషి. కొడుకు, కోడలు, మనుమరాలు, ఆమె, ఇంతే ఆ ఇల్లు. నేను చెప్పులు విడువకముందే తలుపు దగ్గరకు వచ్చి నిలుచున్నది.

“రాండన్నయ్యా. మీ బిడ్డ చేసిన పని చూసిపోయేకి వచ్చినారా?”

నేను ఆమెను అడుగవలెనని కూర్చుకొన్న మాటలనే ఆమె నాకు అప్పజెప్పినది. తమ వంశాంకురాన్ని మా ఇంటివారే తుంచినారట. ఒంటరిగా ఆసుపత్రికి పోయే ధైర్యం తన కోడలికి లేదట, కనుక మా వైపు వారెవరో తోడు పోయి ఉంటారట. శాస్త్రంలో ఎక్కడో ఒక సందు చూపించి నేనే సరే అని ఉంటానట. కొడుకు నున్నని ముఖంతో ఇంట్లోకి వచ్చినప్పుడు, ఏమైనదిరా అని ఆమె అడిగితే, అయిపోయిందమ్మా అని తప్ప వేరే మాట పలుకలేదట. తాను ఎంచి ఉంచిన పేరు ఇప్పుడు ఎవరికి పెట్టేది అని ఆమె ఏడ్చినది. ఆ ఏడుపు నటన అనుకోవడానికి నేను చాలా ప్రయత్నించినాను. సాధ్యపడలేదు.

“ఒత్తిడి చేసింది మీరు కాదా?” అన్నాను చివరకు.

“నేనా? మగబిడ్డ కోసం శనివారం శనివారం ఒంటిపూట ఉండే దాన్ని, నేను తీయించుకోమంటానా?”

ఇద్దరమూ ఒకరిని ఒకరు నమ్మలేదు. అందువలన ఇద్దరమూ కలిసి ఆసుపత్రికి పోవలెనని నిశ్చయించినాము. అమ్మాయి మొదటి కాన్పు జరిగినది అక్కడే కనుక ఇప్పుడూ అక్కడికే పోయి ఉంటుందని ఆమె ఊహ. ఆటోలో ఆమె ఒక అంచున, నేను మరొక అంచున కూర్చుంటిమి. నడుమ ఇంకొక మనిషి కూర్చునేంత చోటు మిగిలినది. ఆటోవాడు మాది తగవు అని కనిపెట్టినాడో ఏమో, పాట కట్టివేసినాడు.

వైద్యురాలు మధ్యవయస్సు మనిషి. ఆమె బల్ల వెనుక గోడ మీద, గర్భంలోని శిశువు ఆడో మగో చెప్పడం నేరమని పెద్ద అక్షరాల బోర్డు ఉన్నది. నేను ఆమె ముఖం కంటె ఆ బోర్డునే ఎక్కువసేపు చూచినాను. నేరం అని వ్రాసిన గోడ ముందరే నేరం జరుగగలదని నాలోని అనుమానం చెప్పుచున్నది.

వచ్చిన పని వియ్యపురాలు చెప్పినది. వైద్యురాలు శాంతంగా వినినది.

“మీ కోడలు ఈడికి వచ్చిందో రాలేదో కూడా నేను చెప్పకూడదమ్మా. చట్టం ఒప్పదు.”

“నేను అత్తను.”

“అత్తకు కూడా.”

“నేను కన్నతండ్రిని,” అన్నాను.

“కన్నతండ్రికి కూడా. ఆమె చిన్నపిల్ల కాదు కదా పెద్దాయనా. ఆమెనే అడుగు.”

“మొగుడు వచ్చి అడిగితే?” అన్నది వియ్యపురాలు.

“మొగుడికి కూడా చెప్పను.”

“మరి ఎవరికి చెప్తావు తల్లీ?”

“ఎవరికీ చెప్పను. బయట చానా మంది ఉండారు, పోయిరాండి.”

బయటకు వచ్చి మెట్ల మీద నిలుచున్నాము. కోపంలో మొదటిసారి మేమిద్దరం ఒక వైపున ఉంటిమి. అక్కడే ఆమె గొంతు తగ్గించి అసలు మాట చెప్పినది. తనకు నిజంతో పని లేదట. పది దినాలలో వీధి అంతా చెప్పుకొంటుంది. ధనుర్మాసం వస్తున్నది. ఆ నెలంతా తెల్లవారకముందే పొంగలి వండి స్వామికి నివేదించే ఇల్లు తమది. కడుపు తీయించుకొన్న కోడలి చేతి వంట ఎట్లా నివేదిస్తారని నలుగురూ అడుగుతారు. అడిగినా అడుగకపోయినా తన మనస్సు ఒప్పదు.

“మీరు ఒక్క మాట చెప్పండన్నయ్యా. అది దానంతట జారిపోయిందని. మీరంటే వీధి నమ్ముతుంది, నేనూ నమ్ముతా. చెప్పకపోతే దానికి నా ఇంట్లో పొయ్యి లేదు. మనవరాలు మాత్రం నా దగ్గరే ఉంటాది.”

ఆమె దుర్మార్గురాలు కాదు. నేను అబద్ధం చెప్పితే, దానిని నిజమని నమ్మడానికి సిద్ధంగా ఉన్నది. నా మాట ఒక్కటి ఉంటే మా అమ్మాయికి ఆ ఇల్లు నిలుస్తుంది, లేకుంటే పోతుంది. ఆ మెట్ల మీద నుండి దిగేటప్పుడు, చెప్పివేస్తేనేమి అన్న ఆలోచన నాకు అప్పుడే వచ్చినది.

మా అమ్మాయి పని నంద్యాలలోనే ఒక వార్డు సచివాలయంలో. పింఛనులు, రేషను కార్డులు, ఆధార్‌లో తప్పు పడిన పుట్టిన తేదీలు ఆమె చూచే వ్యవహారాలు. వియ్యపురాలిని ఇంటికి పంపి నేను అక్కడికి పోయినాను. మధ్యాహ్న విరామంలో ఆమె నన్ను భవనం వెనుక నీడలో ఉన్న అరుగు మీద కూర్చుండబెట్టి, డబ్బా మూతలో నాకు పెరుగన్నం పెట్టి, తాను డబ్బాలో తిన్నది. ముఖం కొంత పాలిపోయి ఉన్నది. చూపులో ఎక్కడా బెదురు లేదు.

“మీ అత్త బలవంతం చేసిందా?”

“ఆమెకు తెలీనే తెలీదు నాయనా.”

“మీ ఆయన?”

“చెప్పినా. సరే అన్నాడు. అని, ఆ దినం అన్నం తినలా.”

“ఆడపిల్ల అని ఎవరన్నా చెప్పినారా?”

ఆమె నమలడం ఆపి నా వైపు చూచినది. “ఆడో మగో ఎవురికీ తెలీదు. తెలిసేదాకా నేను ఆగలా.”

ఆ మాటతో నేను కట్టుకొన్న కథ కూలిపోయినది. కూలిన చోట మరొకటి లేచినది. మరి ఎందుకు? ఒంటిలో ఏదైనా రోగమా? ఉద్యోగంలో ఏదైనా ఆశా? భార్యాభర్తల నడుమ నాకు తెలియని పొరపొచ్చమా? మొదటి కాన్పులో ఏదైనా జరిగి మాకు చెప్పలేదా? ఒక్కొక్కటే అడిగినాను. అన్నింటికీ ఆమె తల అడ్డంగానూ ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు. డబ్బా ప్రక్కన పెట్టి, చేయి కడుగుకొని వచ్చి కూర్చున్నది.

“ఎందుకో చెప్పను నాయనా. చెప్తే నువ్వు తూకం వేస్తావు. ఇంత మాత్రానికేనా అంటావు. లేకపోతే ఇదైతే సరేలే అంటావు. ఆ రెండూ నాకు వద్దు.”

శాస్త్రంలో దీనికి ఏమి పేరో తెలుసునా అన్నాను. నా గొంతు నాకే తరగతి గదిలోని గొంతు వలె వినిపించినది. తనకు తెలుసుననీ, నేర్పినది నేనేననీ, తెలిసే తాను పోయినాననీ అన్నది. అప్పుడు వియ్యపురాలి షరతు చెప్పినాను. పొంగలి మాట, పొయ్యి మాట, మనుమరాలి మాట అన్నీ చెప్పి, జారిపోయినదని నేను ఒక్క మాట అంటే అంతా సర్దుకొంటుందన్నాను. నేను సలహా ఇస్తున్నానో, బతిమాలుకొంటున్నానో నాకే తెలియలేదు.

ఆమె నవ్వినది. “మా ఆయన గడ్డంతో కూడా అబద్ధం ఆడలేక గీయించుకోని వచ్చినాడు. నువ్వేమో ఇంత చదువుకోని నోటితో ఆడతా అంటాండావు.”

“నీ కోసమే కదమ్మా.”

“నా కోసం వద్దు. నువ్వు అట్ల చెప్తే ఆ ఇంట్లో ఉంటా. ఉండి, కడుపు జారిపోయిన దాని మాదిరి దినామూ మొగం పెట్టుకోని తిరగాల. వచ్చినోళ్ళంతా అయ్యో అంటారు. నా చేత కాదు నాయనా.”

లోపలి నుండి ఎవరో పిలిచినారు. వేలిముద్ర పడడం లేదని ఒక ముసలమ్మ యంత్రం ముందు కూర్చుని ఉన్నదట. అమ్మాయి లేచిపోయినది. ఆ మూత నా చేతిలోనే మిగిలినది.

ఆ సాయంకాలం ఆళ్ళగడ్డలో నా పాత సహోద్యోగి కలిసినాడు. సామాన్యశాస్త్రం చెప్పి విశ్రాంతి పొందిన క్రైస్తవుడు. చర్చి పెద్దలలో ఒకడు. ఇద్దరమూ రోజూ నంద్యాల రోడ్డు మీద కొంతదూరం నడుస్తాము. మతం మీద మా వాదం మొదలై చాలా ఏండ్లయినా ఎవరూ ఓడలేదు. పేర్లు చెప్పకుండా, ఎవరి ఇంటి సంగతో అన్నట్లు ఈ ప్రశ్న ఎత్తినాను. అతడు గ్రహించకపోడు. గ్రహించనట్లే నడిచినాడు. కడుపులోని ప్రాణం దేవునిది, తీసే హక్కు మనిషికి లేదు అన్నాడు. నేనూ అంతే అన్నాను. కొంతదూరం పోయిన తరువాత అతడు ఆగినాడు.

“ఇన్నేండ్లలో మనిద్దరం ఒక్క మాట మీద నిలబడింది ఇదే సామీ. నాకు అనుమానంగా ఉండాది.”

నేను నవ్వినాను కాని అతడు నవ్వలేదు. తన ఇంట్లోనూ ఇదే ప్రశ్న ఉన్నదని అప్పుడు చెప్పినాడు. పెద్దకూతురు నర్సు. ఇటువంటి కేసులలో డాక్టరుకు సాయపడుతుందని తెలిసిన నాటి నుండి తల్లి ఆమెతో చర్చిలో ఒకే బెంచీ మీద కూర్చోదట. తాను వెనుక వరుసలో ఒంటరిగా కూర్చుంటున్నాడట. ఎవరి ప్రక్కన కూర్చున్నా రెండవ వారికి జవాబు చెప్పవలసి వస్తుందట. నన్ను ఏమి చేయమంటావని అడిగితే, నాకు తెలిస్తే నేను ముందు వరుసలో కూర్చుందును కదా అన్నాడు.

ఇంటికి వచ్చి మా ఇంటావిడ ఎదుట కూర్చున్నాను. కళ్ళజోడు వైపు చూపించి, దానికి కొత్త కాడ ఎందుకు రాలేదని అడిగినాను. ఆమె దానిని తీసి ఒడిలో పెట్టుకొన్నది.

“నేనే తోడు పోయినా. రమ్మన్నాది, పోయినా.”

“ఎందుకని అడగలేదా?”

“అడగలా. అడిగింటే పోయేదాన్ని కాదేమో.”

నాకు చెప్పకుండా ఎట్లా దాచినావన్నాను. చెప్తే నేను ఏమి చేసేవాడినో నన్నే చెప్పుమన్నది. ఆపేవాడినన్నాను. అందుకే అన్నది. ఆ పైన మేము ఒకే ఇంట్లో రెండు ఇళ్ళ వారి వలె మెలగినాము. ఆమె వండి పెట్టేది. నేను తినేవాడిని. బిడ్డ తల్లికి చెప్పినది, తండ్రికి చెప్పలేదు. ఆ కోపం ధర్మం మీది కోపమా, నన్ను లెక్కలోకి తీసుకోలేదన్న కోపమా అని నా మీద నాకే సందేహం కలిగినది. ఇంకొక సందేహం కూడా పీడించినది. మా ఇంటావిడకు కారణం తెలిసి ఉండి కూడా, తెలియదని నన్ను నమ్మిస్తున్నదా అని. అది ఈనాటికీ తీరలేదు.

ధనుర్మాసం మొదటి ఉదయానికి వియ్యపురాలు రమ్మని కబురంపితే, ముందునాడే నంద్యాల పోయి ఒక శిష్యుని ఇంట బస చేసినాను. ఆ పొద్దున ఆమె ఇంటి వసారాలో ఇరుగుపొరుగు స్త్రీలు నలుగురైదుగురు, గోష్ఠి నుండి ఇద్దరు వృద్ధులు కూర్చుని ఉన్నారు. పేరుకు తిరుప్పావై పఠనం. అందరి చూపూ నా మీదనే. అల్లుడు పుస్తకం లేకుండానే పాశురం చదువుతున్నాడు. అతని గడ్డం మరల కొద్దిగా మొలిచి, రెండు దినాలు మంగలి వద్దకు పోని మామూలు మనిషి ముఖం వలె ఉన్నది. అమ్మాయి వంటింటి గడపకు ఈవల, కూతురిని ఒడిలో పెట్టుకొని కూర్చున్నది. లోపల పొయ్యి మీద ఎసరు కాగుతున్నది. బియ్యం, పెసరపప్పు కడిగి ఉంచినారు. ఎవరి చేత వేయించవలెనో తేలక అవి అట్లే ఉన్నవి.

పాశురం ముగిసినది. వియ్యపురాలు వచ్చి నిలుచున్నది. అందరికీ వినబడేటట్లు, అయినా మర్యాదగానే అడిగినది.

“అన్నయ్యా, పెద్దలుండారు. మీరు ఒక్క మాట చెప్తే మా అందరికీ మనసు కుదుట పడతాది. పాపం, మా కోడలికి జారిపోయింది కదా?”

అవునంటే చాలును. ఆమె నా నోటిలో మాట కూడా పెట్టినది. గోష్ఠి వృద్ధులు అప్పటికే తల ఊపడానికి సిద్ధంగా ఉన్నారు. నా మనుమరాలు తల్లి గాజులు లెక్కపెడుతున్నది. అమ్మాయి నా వైపు చూడలేదు. చూచి ఉంటే బాగుండుననుకొన్నాను. చూపులో ఏదైనా అర్థం వెదుకుకొని దాని మీద భారం వేసేవాడిని.

“జారిపోలేదమ్మా,” అన్నాను. “అది తీయించుకున్నది. ఎందుకో నాకు చెప్పలేదు. నన్ను అడిగింటే వద్దనేవాణ్ణి. ఇప్పుడు అడిగినా తప్పనే అంటా. జారిపోయిందని మాత్రం చెప్పలేను.”

ఒక వృద్ధుడు ఉత్తరీయం సవరించుకొన్నాడు. వియ్యపురాలు నన్ను చాలాసేపు చూచినది. ఆ చూపులో కోపం కంటె, ఇంత చిన్న సాయం చేయలేకపోయినావే అన్న ఆశ్చర్యం ఎక్కువగా ఉన్నది. ఆమె లోపలికి పోయి, తానే బియ్యం పప్పు ఎసరులో వేసినది. గడప దాటి వచ్చేటప్పుడు కోడలి చీర కుచ్చెళ్ళు తగలకుండా ఒద్దికగా ప్రక్కకు జరిగినది. ఆ జరగడం అందరూ చూచినారు.

అమ్మాయి లేచినది. పిల్లను దింపి, లోపలి గదిలోకి పోయి ఒక సంచిలో బట్టలు సర్దుకొన్నది. ఆమె దేనికీ తొందరపడలేదు. అల్లుడు నివేదన దాకా ఆగినాడు. తీర్థం తీసుకొన్నాడు, తల్లికి సాష్టాంగం చేసినాడు, ఆ తరువాత లేచి సంచి తాను అందుకొన్నాడు. పిల్ల ఇంట్లోనే ఉంటుందని వియ్యపురాలు అన్నది.

“బడి విడిచినాక నీ దగ్గరికే వస్తాదమ్మా. రాత్రికి మాతో ఉంటాది,” అన్నాడు.

అంత గట్టిగా అతడు తల్లితో మాట్లాడడం నేను అంతకుముందు వినలేదు. మాట్లాడిన తరువాత సంచిని ఒక చేతి నుండి మరొక చేతికి మార్చుకొన్నాడు.

వీధిలోకి వచ్చిన తరువాత అమ్మాయి నాతో ఒక్క మాటే అన్నది. “తప్పు అని అందరి ముందరా అనకపోయి ఉంటే ఏం నాయనా?” నేను అనుకొన్నదే అన్నానన్నాను. సరేలే అన్నది. ఆమె నన్ను క్షమించినదో, క్షమించలేదో ఆ ‘సరేలే’లో తెలియలేదు. నా అభిప్రాయం మారలేదు. దానిని గ్రంథాలు చూచి చెప్పగలను. కారణం నాకు తెలియదు. అది ఏ గ్రంథంలోనూ లేదు. తెలియకుండానే తీర్పు చెప్పే అలవాటు నాకు ఎంత చక్కగా పట్టుబడినదో ఈ మూడు నెలలూ గమనిస్తున్నాను. అమ్మాయి కారణం చెప్పకపోవడంలో నా పట్ల అపనమ్మకం ఉన్నదా, నా తీర్పు పట్లనేనా అని ఇంకా అనుమానిస్తూనే ఉన్నాను.

ఫాల్గుణ శుద్ధ విదియ నాడు చేర్చినది: అల్లుడు, అమ్మాయి నంద్యాలలోనే వేరే వీధిలో అద్దె ఇంట్లో ఉన్నారు. మనుమరాలు బడి విడిచిన తరువాత నాయనమ్మ వద్దకు పోతున్నది. అల్లుడు పొద్దుగూకిన తరువాత పోయి తీసుకొని వస్తున్నాడు. వియ్యపురాలు కోడలితో మాట్లాడడం లేదు, మా ఇంటికి రావడం లేదు. శుద్ధి సందేహాలతో నా వద్దకు వచ్చేవారు తగ్గినారు. మా ఇంటావిడ నిన్న నంద్యాల పోయినది. ఎందుకని నేను అడుగలేదు.